కాలికి కట్టిన రెండో తుపాకి

ట్రేసీ ఫోర్డ్, నెబ్రాస్కా
మార్చి 6

ప్రియమైన ఎమిల్ మామయ్యకి,

ఫోన్ చేస్తే నీకు వినపడక, నేను అరవలేక ఇద్దరం అలిసిపోతున్నాం. ఇరవై ఎనిమిదేళ్ళు షెరిఫ్ దగ్గర తుపాకుల పక్కన నిలబడితే చెవులు మిగలవులే. అందుకే కాగితం మీదకొచ్చాను.

సంగతేంటంటే మా చీఫ్ హొమోల్కాకి జ్ఞానోదయం అయింది. పోయిన నెల ఒమాహాలో మూడు రోజులు ఏదో క్లాసుకెళ్ళొచ్చాడు. వచ్చిన దగ్గర్నుంచి ఊళ్ళో పోలీసులందరం, అంటే నలుగురం, డ్యూటీ తుపాకి కాక ఇంకో చిన్నది కూడా ఒంటి మీద పెట్టుకు తిరగాలని ఆర్డర్. మే ఒకటికల్లా. మొదటిది మొరాయించినా, ఎవడైనా లాక్కున్నా రెండోది ఉండాలట. కాదనను. కానీ కొనేది ఎవరి డబ్బుతో? మా సొంత డబ్బుతో. ఈ ఏడు ఈతకొలను పంపు మార్చారు కాబట్టి ఊరి ఖజానాలో తుపాకులకి మిగల్లేదట.

ఈ ఊరి పోలీసులు ఆఖరిసారి తుపాకి పేల్చింది నేను పుట్టకముందు. లారీలోంచి దూకి కాలు విరగ్గొట్టుకున్న పంది మీద. దానికి ఒక్క తుపాకే సరిపోయింది.

నా ముందు మూడున్నాయి. ఒకటి, అరచేతిలో పట్టే సరికొత్త పిస్టల్, రెండొందల డాలర్లు. రెండోది, తాకట్టు కొట్లో ఐదు గుండ్ల పొట్టి రివాల్వర్, వాడినది, రెండొందల అరవై. మూడోది నా డ్యూటీ తుపాకికి చెల్లెల్లాంటిది, దాని గుండ్ల మ్యాగజైన్లే దీనికీ సరిపోతాయి, కానీ మూడొందల ఎనభై. అంత పెడితే ఏప్రిల్ అంతా బంగాళాదుంపలే.

నవంబరు దాకా నేను ప్రొబేషన్‌లో ఉన్నానని మర్చిపోకు. ఈలోగా చిన్న తప్పు దొరికినా విచారణ లేకుండా ఇంటికి పంపేయొచ్చు. ఈ యూనిఫాం కోసం దాణా ఫ్యాక్టరీలో మూడేళ్ళు బస్తాలు మోస్తూ పరీక్షలు రాశాను. మళ్ళీ ఆ బస్తాల దగ్గరకి నేను వెళ్ళలేను మామయ్యా. అందుకే అడుగుతున్నా, ఏది కొనను?

నీ మేనకోడలు
మార్లా


పైన్ హార్న్, నెబ్రాస్కా
మార్చి 15

ఒసేయ్ మార్లా,

ఆరేళ్ళయింది నన్నెవరైనా సలహా అడిగి. మీ అమ్మ అయితే నేను చెప్పేదానికి సరిగ్గా ఎదురు చేసి సుఖంగా ఉంటుంది. కాబట్టి కుర్చీ లాక్కుని కూర్చో.

నా మొదటి రెండో తుపాకి నలభై డాలర్లది. ఆగస్టు ఎండలో దాన్ని నడుముకి పెట్టుకుని వారం తిరిగితే చెమటకి తుప్పుపట్టి, మేకు కొట్టడానికి కూడా పనికిరాకుండా పోయింది. రెండోది అందంగా ఉండేది. అందం ఒకటే దాని గుణం. మూడో గుండు దగ్గర ఎప్పుడూ మొరాయించి నిద్రపోయేది. మూడోది పొట్టి రివాల్వర్, రిటైరయ్యేదాకా నాతోనే ఉంది. ఒక్కసారి కూడా పేల్చలేదు. మంచి రెండో తుపాకి లక్షణం అదే, జీవితాంతం అక్కర్లేకుండా పోవడం.

ఇప్పుడు నీ మూడింటి సంగతి. కొత్త బుల్లి పిస్టల్ వద్దు. జేబులోనో కాలికో ఉంటే నూలుపోగులూ దుమ్మూ అన్నీ మింగి, అసలు వేళకి కక్కుతుంది. పైగా చేతిలో గింజుకుంటుంది, నువ్వు ఎడమ చేత్తో అసలు ఆపలేవు. చెల్లెలు తుపాకి మంచిదే, డబ్బులుంటే అదే కొనమనేవాణ్ణి. లేవు కాబట్టి ఆ మాట వదిలెయ్. రివాల్వర్ తీసుకో. దుమ్ము తిన్నా అరిగించుకుంటుంది, మీట నొక్కితే పేలుతుంది, అంతకన్నా దాన్నించి ఏం కావాలి.

అయితే తాకట్టు కొట్టువాడి నవ్వు చూసి కొనకు. గుండ్లు పెట్టే చక్రం తిప్పి చూడు, లాక్ అయ్యాక వేలితో కదిపితే ఊగకూడదు. గొట్టంలోకి లైటు వేసి చూడు. నీ చీఫ్ ఒప్పుకున్న గుండ్లతోనే కనీసం వంద పేల్చు, కుడిచేత్తో యాభై, ఎడమచేత్తో యాభై. కారు సీట్లో బెల్టు పెట్టుకుని కూర్చుని అది చేతికందుతుందో లేదో చూడు. అందకపోతే అది ఆయుధం కాదు, బరువు.

ఇంకోటి, తుపాకికి రెండొందల అరవై పెట్టి ఒరకి పదిహేను డాలర్లు పెట్టేవాళ్ళని చాలామందిని చూశాను. గుర్రాన్ని కొని కళ్ళేనికి పీసినారితనం. కాలికి కట్టుకునే మంచి తోలు ఒర కొను, లోపల గొర్రె ఊలు ఉన్నది. వారం రోజులకి అది ఒంట్లో భాగమైపోవాలి. ఉందన్న సంగతే నువ్వు మర్చిపోవాలి. అప్పుడే సరైనది కొన్నట్టు.

మీ అమ్మకి మాత్రం చెప్పకు.

ఎమిల్ మామయ్య


ట్రేసీ ఫోర్డ్
మే 9

మామయ్యా,

కొన్నాను. తాకట్టు కొట్టు ముసలాయన ముందు నన్ను చూసి "ఆడపిల్లలకి గులాబీరంగు పిడి ఉన్నది ఉందమ్మా" అన్నాడు. నేను చక్రం తిప్పి, ఊపి, గొట్టంలోకి లైటు వేసేసరికి ఆయన మొహం మారిపోయింది. ఇరవై డాలర్లు తగ్గించి, ఎవరు నేర్పారని అడిగాడు. మా మామయ్య అన్నాను. ఇంకోసారి ఆయన్ని తీసుకురావద్దన్నాడు.

రేంజ్‌లో కాల్పుల పరీక్ష పాసయ్యాను. ఎడమచేతి వంతులో మొదటి మూడు గుండ్లు గురి కాగితాన్ని కూడా పలకరించలేదు. పక్కన డెల్ ఫ్రేజియర్ నిలబడి ఉన్నాడు, పంతొమ్మిదేళ్ళ సర్వీసు, నన్ను పనిలో పెట్టింది ఆయనే. "కంగారు పడకు, కాగితం ఎక్కడికీ పారిపోదు" అన్నాడు. తర్వాత కుదురుకున్నాను. చీఫ్ లిస్టులో నా తుపాకి నంబరు రాసుకున్నాడు. డెల్‌దీ కాలికే. నాలుగోవాడు రస్టీది తూటాలు ఆపే కోటు జేబులో. చీఫ్ తనది ఎక్కడ పెట్టుకుంటాడో చెప్పడు, అది రహస్యం అట.

పాసైన సాయంత్రం డెల్ వాళ్ళింట్లో అందరికీ బీన్స్ కూరా దాల్చినచెక్క రొట్టెలూ పెట్టారు. వాళ్ళావిడ రొట్టెని కూరలో ముంచుకు తినకపోతే ఊరుకోదు. కడుపు పగిలేలా తిని, కుర్చీలోంచి లేస్తుంటే కాలికి ఏదో తగిలింది. ఇదేంటా అని చూసుకున్నాను. తుపాకి. మూడు గంటలు ఉందన్న గుర్తే లేదు.

నువ్వన్నట్టే మర్చిపోయాను మామయ్యా. సరైనదే కొన్నాను.

మార్లా


పైన్ హార్న్
మే 20

అమ్మడూ,

ఉత్తరం రెండుసార్లు చదివాను. మూడోసారి పోస్టాఫీసులో నిలబడి చదువుతుంటే పోస్టుమాస్టరు అమ్మాయి ఏమైనా శుభవార్తా అంది. మా మేనకోడలు కాలికి తుపాకుందన్న సంగతి మర్చిపోయిందని చెప్పాను. ఆమె నా వైపు అదోలా చూసింది. ఈ కాలం వాళ్ళకి వృత్తి గౌరవం తెలియదు.

చక్రానికి నెలకోసారి నూనె చుక్క వెయ్. ఎక్కువ వేస్తే గుండ్లు పాడవుతాయి.

ఎమిల్


ట్రేసీ ఫోర్డ్
జూన్ 18

మామయ్యా,

ఈ ఉత్తరం అమ్మ కంట పడనీయకు.

పోయిన మంగళవారం పగలు వెర్లిన్‌ని కౌంటీ జైలుకి తీసుకెళ్ళాను. పశువుల సంతలో వేలం పాడతాడు. బాగా తాగి బండి నడిపి బడి గేటు గుద్దాడు. గొడవ మనిషి కాదు, దారంతా పాటలు పాడుతూనే వచ్చాడు. జైలు మొదటి తలుపు దగ్గర గోడకి తాళం పెట్టెలు ఉంటాయి. ఏ పోలీసైనా తుపాకి అందులో పెట్టి, తాళంచెవి తీసుకుని, అప్పుడు లోపలికి వెళ్ళాలి. జైలు లోపల తుపాకి ఉండకూడదన్నది చిన్నపిల్లలకి కూడా తెలిసిన రూలు. నా పెద్ద తుపాకి పెట్టాను. తాళం వేశాను. చెవి జేబులో వేసుకున్నాను. ఎప్పుడూ చేసినట్టే, ఒక్క మెట్టు తప్పకుండా.

కాలికున్నది కాలికే ఉంది.

నలభై నిమిషాలు మామయ్యా. బెంచీల మీద పదకొండు మంది ఖైదీలున్నారు. వెర్లిన్ బూటు లేసులు తీయడానికి నేను అతని ముందు గొంతుక్కూర్చున్నాను. పాంటు పైకి జరిగింది. అతను పాట ఆపి, చాలా మెల్లగా, "అమ్మాయ్, ఆ కాలు కిందికి లాక్కో" అన్నాడు. లాక్కున్నాను. మళ్ళీ పాట అందుకున్నాడు. ఎలాగో కాగితాల మీద సంతకాలు పెట్టి బయటికొచ్చి, కారు అద్దంలో నా మొహం చూసుకున్నాను. వాళ్ళల్లో ఒక్కడు చెయ్యి చాచి ఉంటే ఈపాటికి ఎవరి ఇంట్లో చావు ఉండేదో.

మొన్న అతను బెయిలు మీద వస్తే సంతకి వెళ్ళి అడిగాను, ఎందుకు అరవలేదని. "చూసినవన్నీ చెప్పేవాడి దగ్గర ఎడ్లు అమ్ముడుపోవమ్మా" అన్నాడు.

ఇంకెవరూ చూడలేదు. రూలు ప్రకారం నేను వెంటనే చీఫ్‌కి చెప్పాలి. చెబితే ప్రొబేషన్‌లో ఉన్నదాన్ని, ఆ రోజే ఇంటికి. చెప్పకపోతే రోజూ తేలు కుట్టిన దొంగలా తిరగాలి. ఇలాంటి పని ఎవరైనా చేస్తారా? నువ్వైతే ఏం చేస్తావు? నువ్వేం చెబితే అది చేస్తాను.

మార్లా


పైన్ హార్న్
జూన్ 24

మార్లా,

చెప్పకు. ఎవరికీ. నీ ఉత్తరం కాల్చేశాను, నువ్వు ఇది కాల్చెయ్. ఎవరికీ దెబ్బ తగల్లేదు. జరగనిదాన్ని జరిగిందని నెత్తిన వేసుకోవడం కొరివితో తల గోక్కోవడం. పంటలు ఈసారి బాగున్నాయి.

ఎమిల్


ట్రేసీ ఫోర్డ్
జూలై 21

మామయ్యా,

నీ ఉత్తరం అరడజను వాక్యాలు. తుపాకికి నూనె గురించి కూడా నువ్వు ఇంతకన్నా ఎక్కువ రాస్తావు. అయినా నీ మాట విన్నాను, నోరు మూసుకున్నాను.

ఇప్పుడు వేరే గొడవ వచ్చింది. కౌంటీ జైలుకి కొత్తగా వచ్చిన పెద్దాయన పాత కెమెరా బొమ్మలన్నీ కూర్చుని చూస్తున్నాడట. ఒక దాంట్లో మోకాళ్ళ కింద మాత్రమే కనిపిస్తోంది. నల్ల బూటు, మా ఊరి యూనిఫాం బూడిదరంగు చార, పైకి జరిగిన పాంటు, దాని కింద ఒర. కరెంటు పోయినప్పటినుంచి ఆ కెమెరా గడియారం తప్పు తిరుగుతోంది, ఏ రోజో చెప్పలేకపోతున్నారు. జూన్‌లో అని మాత్రం తెలుసు. ఆ నెల నేనూ డెల్ చెరో మూడుసార్లు వెళ్ళాం.

చీఫ్ మా ముగ్గురినీ నిలబెట్టి ఆ బొమ్మ చూపించాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి కాలి మీదకి పోబోయింది, జేబులో పెట్టుకున్నాను. చీఫ్ నా వైపు చూడనే లేదు. "మార్లా రూలు పుస్తకం తలకింద పెట్టుకుని పడుకునే మనిషి" అన్నాడు. డెల్ వైపు తిరిగాడు. డెల్ ఈ ఏడు మూడు టార్చిలైట్లు పోగొట్టాడు, ఒకసారి కారు స్టార్టులో వదిలేసి భోజనానికెళ్ళాడు. డెల్ బుర్ర గోక్కుని, "నాకు గుర్తులేదు చీఫ్. నేనే అయ్యుంటాను" అన్నాడు.

ఆయన్ని డ్యూటీ నుంచి పక్కన పెట్టారు. వచ్చే నెల విచారణ. వాళ్ళావిడ నిన్న నాకు రొట్టెలు పంపింది, డెల్ లేక పని భారమంతా నీ మీదే పడిందిగా అని. మింగలేక కక్కలేక చచ్చాను.

ఇప్పుడు కూడా చెప్పొద్దంటావా?

మార్లా


పైన్ హార్న్
జూలై 28

మార్లా,

ఆ డెల్ అన్న మాట చదివి కాగితం కింద పెట్టేశాను. మూడు రోజులు మళ్ళీ తియ్యలేదు. ఆ మాట నేను ఇదివరకు విన్నాను.

1994, ఫిబ్రవరి. నేనూ ఆర్లో ట్రిష్కా కలిసి ఒక ఖైదీని మా కౌంటీ జైలుకి తీసుకెళ్ళాం. ఆర్లో నా జోడీ, తొమ్మిదేళ్ళు ఒకే కారులో తిరిగాం. ఇద్దరికీ కాలికి రెండోది ఉండేది. ఆ రోజు అతను తనది తీసి పెట్టెలో పెట్టాడో లేదో నేను చూడలేదు. నాది నేను పెట్టలేదు. బయటికొచ్చి కారెక్కాక కాలు బరువుగా అనిపించి చూసుకున్నాను. సీటు కింద తోసేశాను.

మర్నాడు షెరిఫ్ ఇద్దరినీ పిలిచాడు. అద్దం అవతలినుంచి జైలువాడెవడో ఒకరి కాలికి తుపాకి చూశాడట, ఇద్దరిలో ఎవరో మాత్రం చెప్పలేకపోయాడు. ఎవరు అని అడిగాడు షెరిఫ్. నేను గోడ మీద క్యాలెండరు చూస్తూ నిలబడ్డాను. ట్రాక్టర్ బొమ్మ ఉంది దాని మీద, ఇప్పటికీ గీయమంటే గీస్తాను. ఆర్లో, "నాకు గుర్తులేదు సార్. నేనే అయ్యుంటాను" అన్నాడు.

అతన్ని తీసేశారు. బీటుదుంపల చక్కెర ఫ్యాక్టరీలో చేరాడు, ఇరవై రెండేళ్ళు చేశాడు. నేను ఇంకో పుష్కరం పాటు ఉద్యోగంలో ఉన్నాను, ఆఖర్న ఒక చెక్క ఫలకం ఇచ్చారు. అదే ఊళ్ళో ఉంటున్నాం ఇద్దరం. అతను కూర్చునే హోటల్‌కి నేను వెళ్ళను. కాఫీ పెట్రోలు బంకులో తాగుతాను.

నిన్ను చెప్పొద్దన్నది నీ కోసం కాదే. నువ్వు చెప్పేస్తే నేనేమిటో నాకే తేలిపోతుందని. ఇరవై తొమ్మిదేళ్ళుగా, నా చోట ఎవరున్నా ఇదే చేస్తారని చెప్పుకుంటూ బతికాను. నాకు సిగ్గుగా ఉంది. నీకు నేను సలహా ఇచ్చే మనిషిని కాను. నీ ఇష్టం వచ్చింది చెయ్, కానీ నా మాట విని మాత్రం ఏదీ చెయ్యకు.

ఎమిల్


ట్రేసీ ఫోర్డ్
ఆగస్టు 17

మామయ్యా,

చెప్పేశాను. నీ ఉత్తరం అందిన మర్నాడు పొద్దున్నే. చీఫ్ కాఫీ కప్పు కింద పెట్టి, "ఆ కాలు నీదా" అన్నాడు. నాదే అన్నాను. ఇప్పుడే ఎందుకు చెబుతున్నావన్నాడు. డెల్‌ది కాదు కాబట్టి అన్నాను. కాసేపు కిటికీలోంచి ఈతకొలను వైపు చూశాడు. "నువ్వు నిజం చెప్పావు, అది నేను చాలా మెచ్చుకుంటున్నాను" అని, సొరుగులోంచి కాగితం తీశాడు. ప్రొబేషన్‌లో ఉన్నవాళ్ళని తీసేసే కాగితం ఒకటే లైను, కారణం రాయడానికి చోటే ఉండదు. మెచ్చుకుంటూనే సంతకం పెట్టాడు.

ఇంటికొచ్చి కాసేపు ఏడ్చాను. కాసేపు కాదు, సాయంత్రం దాకా.

చీకటిపడే ముందు డెల్ వచ్చాడు. నన్ను కౌగిలించుకుంటాడేమో అనుకున్నాను. గుమ్మంలోనే తిట్లు మొదలుపెట్టాడు. "వెర్రిదానా, నాకు యూనియన్ ఉంది, విచారణ ఉంది, వకీలున్నాడు. మహా అయితే రెండు వారాలు జీతం కోసేవాళ్ళు. చేపలు పట్టుకుందామని గాలాలు కూడా కొన్నాను. నిన్నెవరు నోరు విప్పమన్నారు?" అని. ఆయనకి రెండు వారాలు, నాకు ఉద్యోగం. ఇది నాకు ముందు తెలిస్తే ఏం చేసేదాన్నో నిజంగా తెలియదు. నీకు అబద్ధం చెప్పను.

తిట్టడం అయ్యాక మెట్ల మీద కూర్చుని కళ్ళు తుడుచుకున్నాడు. "గుర్తులేకపోవడం అన్నది ఎంత భయంగా ఉంటుందో తెలుసా. మూడు వారాలుగా నా కాలు నేను నమ్మలేదు" అన్నాడు.

ఆ రివాల్వర్‌ని అదే కొట్లో ఇచ్చేశాను. ముసలాయన చక్రం తిప్పి, ఊపి, గొట్టంలోకి లైటు వేసి చూసి, సగం ధర ఇచ్చాడు. నేర్చుకున్నాడు.

దాణా ఫ్యాక్టరీకి దరఖాస్తు తెచ్చుకున్నాను. బల్ల మీద ఉంది. ఇంకా నింపలేదు.

మార్లా


పైన్ హార్న్
సెప్టెంబరు 4

అమ్మడూ,

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని నిన్న పొద్దున ఆర్లో కూర్చునే హోటల్‌కి వెళ్ళాను. రైతులు ఆరుగురు బల్ల చుట్టూ పాచికలు వేస్తున్నారు, ఓడినవాడు అందరి కాఫీ డబ్బులూ ఇవ్వాలి. ఆర్లో నన్ను చూసి తల ఊపాడు. అతని పక్కన కూర్చుని, చెవి దగ్గర మెల్లగా చెప్పాను, ఆ రోజు అది నేనని.

"ఏంటి?" అన్నాడు. చక్కెర ఫ్యాక్టరీ యంత్రాలు అతని చెవులు నాకన్నా ముందే తినేశాయి. మళ్ళీ చెప్పాను. "గట్టిగా చెప్పవయ్యా" అన్నాడు. మూడోసారి చెప్పేసరికి వంటవాడు కూడా గరిటె పట్టుకుని బయటికొచ్చాడు. ఇరవై తొమ్మిదేళ్ళు ఎవరికీ తెలియకుండా దాచింది, ఊరంతా వినేలా అరిచి చెప్పాను.

ఆర్లో పాచికలు ఏరి కప్పులో వేశాడు. "అప్పుడే చెప్పి ఉంటే ఇంత అరవాల్సిన పని ఉండేది కాదుగా" అన్నాడు. అంతే. కప్పు ఊపి నా వైపు తోశాడు. ఓడిపోయాను, ఏడుగురికీ కాఫీ నాదే. క్షమించాడా అని అడగకు, నాకూ తెలియదు. ఇవాళ కూడా వెళ్ళాను. నాకోసం కుర్చీ తెచ్చి వెయ్యలేదు. ఉన్నదాన్ని తీసెయ్యనూ లేదు.

నీ ఉద్యోగం పోయిందంటే నా సలహా వల్లే. మర్చిపోవాలి అన్నది నేనే కదా. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

దరఖాస్తు నింపావా?

ఎమిల్


ట్రేసీ ఫోర్డ్
అక్టోబరు 11

మామయ్యా,

దరఖాస్తు నింపలేదు. దానికి ముందే కౌంటీ జైలు కొత్త పెద్దాయన కబురుపెట్టాడు. వాళ్ళకి మనుషులు చాలడంలేదు. "కారణం చెప్పకుండా తీసేశారని కాగితంలో ఉంది, కారణం నాకు తెలుసు" అన్నాడు. "ఆ బొమ్మ పట్టుకున్నది నేనే. నాకు మొదటి తలుపు దగ్గర ఒక మనిషి కావాలి. ఈ తప్పు ఎలా జరుగుతుందో తెలిసినవాళ్ళు కావాలి." జీతం అంతకుముందుకన్నా వారానికి నలభై తక్కువ. మళ్ళీ ఏడాది ప్రొబేషన్. జైలువాళ్ళకి తుపాకులు ఉండవు, మొదటిదీ లేదు, రెండోదీ లేదు. చేరిపోయాను.

పనేంటంటే, లోపలికి వచ్చే ప్రతి పోలీసుకీ రెండు కాళ్ళూ చూపించమని చెప్పడం. మర్చిపోయినవాళ్ళ పేరు పుస్తకంలో ఎక్కించి, వాళ్ళతోనే కారణం రాయించి, సంతకం పెట్టించడం. పుస్తకం నెలాఖరుకి కౌంటీ బోర్డుకి వెళ్తుంది. అందరూ నవ్వారు మొదట్లో. మూడు వారాల్లో ఏడు పేర్లు ఎక్కాయి. ఇప్పుడు నవ్వడంలేదు.

మొన్న మధ్యాహ్నం చీఫ్ హొమోల్కా స్వయంగా వచ్చాడు, దొంగ చెక్కుల కేసులో ఒకణ్ణి పట్టుకుని. నన్ను చూసి కాస్త ఇబ్బందిపడ్డాడు. ఎలా ఉన్నావన్నాడు. బాగున్నానన్నాను. పెద్ద తుపాకి పెట్టెలో పెట్టి, తాళం వేసి, చెవి జేబులో వేసుకుని, తలుపు తియ్యమన్నట్టు నిలబడ్డాడు.

"కాళ్ళు చూపించండి సార్" అన్నాను.

"మార్లా, మా ఊళ్ళో రెండో తుపాకి రూలు పెట్టిందే నేను."

"అవును సార్. చూపించండి."

ఎడమ పాంటు ఎత్తాడు. సాక్సు. కుడిది ఎత్తబోయి ఆగాడు. నేను ఆయన మొహం చూస్తున్నాను మామయ్యా, ఆ మొహం నాకు బాగా తెలుసు, ఆ రోజు కారు అద్దంలో చూసుకున్నాను. కుడిది మెల్లగా ఎత్తాడు. మూడొందల ఎనభై డాలర్లది, చెల్లెలు తుపాకి, గొర్రె ఊలు ఒరలో హాయిగా కూర్చుని ఉంది.

బేడీలతో ఉన్నవాడు కిసుక్కున నవ్వాడు.

రెండో పెట్టె తీసి చూపించాను, పెట్టాడు. పుస్తకం ఆయన వైపు తిప్పాను. "ఇంకా లోపలికి అడుగు పెట్టలేదు కదా, రాయక్కర్లేదేమో" అన్నాడు. ఒక్క క్షణం నాకూ అనిపించింది, మళ్ళీ ప్రొబేషన్‌లో ఉన్నదాన్ని, ఒక ఊరి చీఫ్‌తో నాకెందుకని. పెన్ను ఆయన చేతిలో పెట్టాను.

"నిన్ను తీసేసేటప్పుడు నాకు వేరే దారి లేదు. తెలుసుగా" అన్నాడు మెల్లగా.

"తెలుసు సార్. ఆ కాగితంలో కారణానికి చోటు లేదు. ఈ పుస్తకంలో ఉంది. ఖాళీగా వదలకూడదు."

పేరు రాశాడు, టైము రాశాడు, కారణం దగ్గర పెన్ను ఆపి నా వైపు చూశాడు. నేను చూపు తిప్పుకోలేదు. వంగి, స్కూలు పిల్లాడిలా నిలువు అక్షరాల్లో, "మర్చిపోయాను" అని రాసి సంతకం పెట్టాడు.

తలుపు తీశాను.

మార్లా